స్తెఫను మడత కత్తి

స్తెఫను కత్తి మడతలో ఏముందో నేను దగ్గర నుంచి చూశాను. ఆ రోజు నుంచి మాంసం కూర ముందుకొస్తే చెయ్యి కన్నా ముందు నా ముక్కు వెళ్తుంది. మా ఇంటామెకు అది నచ్చదు. "కుక్క లెక్క గా వాసన చూసుడేంది?" అంటుంది. కుక్క వాసన చూస్తే ఏమైందో కూడా చెబుతాను. అది తర్వాత.

గోదావరిఖనిలో మా క్వార్టర్ల లైనులో స్తెఫనుది చివరి ఇల్లు. తండ్రి బెల్లంపల్లి బొగ్గుబాయిలో తట్టలతో బొగ్గు నింపిన మనిషి. స్తెఫను ఇక్కడికి వచ్చి, బాయిలో హాలేజ్ ఫిట్టరుగా పనిచేసి రిటైరయ్యాడు. హాలేజ్ అంటే బొగ్గు టబ్బులను లోపలి నుంచి ఇనుప తాడుతో పైకి లాగే ఇంజను. స్తెఫను ఇంకా కొత్తవాడిగా ఉన్నప్పుడు ఒక పుల్లీ గ్రీజు లేక బిగుసుకుపోయింది. తాడు తెగింది. బొగ్గు టబ్బులు వెనక్కి జారి మీదికి వస్తుంటే గోడలోని గూట్లోకి దూకి బతికాడు. పక్కనున్న మనిషి దూకలేకపోయాడు.

ఆ రోజు నుంచి స్తెఫనుకు ఒకటే సూత్రం. "తిరిగేదానికి గ్రీజు పెట్టాలె అన్న. పెట్టకుంటే అది నిన్ను తింటది."

బాయిలో ఇది మంచి సూత్రమే. ఇంట్లో మాత్రం రోత. స్తెఫను ఇంటి తలుపు తీస్తే బందుల దగ్గర నల్లటి జిగురు చేతికి అంటేది. భార్య సుసన్నా కుట్టు మిషన్‌కు మిషన్ నూనె చాలదని హాలేజ్ తాడుకు పూసే నల్ల గ్రీజు పెట్టాడు. పక్క లైనులో ఒక పెళ్లికూతురి తెల్ల రవికె మీద ఆ గ్రీజు చుక్కలు చుక్కలుగా పడింది. డిజైను అనుకుని ఆ పిల్ల అట్లాగే తొడుక్కుని పెళ్లి చేసుకుందని సుసన్నా అంటుంది. అది ఆమె ధైర్యం కోసం చెప్పుకునే మాట. ఒక ఎండాకాలం సీలింగ్ ఫ్యానుకు పెట్టాడు. స్విచ్చి వేయగానే నాలుగు గోడలకూ సమానంగా చల్లింది. చర్చి గంట తాడు తిరిగే చక్రానికి పెట్టినప్పుడు కింద నిలబడ్డ పాస్టరుగారి తెల్ల అంగీ సంగతి నేను చెప్పను. ఆయన పెద్దమనిషి.

నా చిన్నప్పుడు కాన్వెంటులో సిస్టర్లు పాఠం కన్నా ముందు గోళ్లు చూసేవారు. గోటిలో మట్టి ఉంటే స్కేలుతో వేళ్ల మీద ఒకటి వేసి చదువు మొదలుపెట్టేవారు. ఆ స్కేలు దెబ్బ యాభై ఏళ్లయినా నా వేళ్లలో ఉంది. అందుకే స్తెఫను ఇంట్లో నేను మంచినీళ్లు కూడా గ్లాసును పైకెత్తి తాగేవాణ్ని.

ఆ ఇంట్లో శుభ్రమైన వస్తువు ఒకటే ఉండేది. అది అతని కత్తి.

జానెడు కూడా లేని చిన్న కత్తి. వర్క్‌షాపులో పారేసిన, ఇనుము కోసే హాక్సా బ్లేడును అరగదీసి తానే చేసుకున్నాడు. టేకు పిడి, తోలు ఒర. అందులో తిరిగేది ఏదీ లేదు కాబట్టి గ్రీజు పెట్టే అవసరం రాలేదు. వాడిన ప్రతిసారీ బూడిదతో తోమి, కడిగి, తుడిచి, ఒరలో పెట్టి నడుముకు కట్టుకునేవాడు. ఆ కత్తితోనే మా లైనులో మేకను పోగులు వేసేవాడు.

పోగులంటే ఏమిటో చెప్పాలి. మా లైనులో ఏడిళ్లవాళ్లం కలిసి మేకను కొంటాం. ముల్లా సాబ్ తన కత్తితో వచ్చి, కోసి, వెళ్లిపోతాడు. తర్వాత పనంతా స్తెఫనుది. తోలు వలవడం, పొట్ట తీయడం, కీలు కీలు దగ్గర విడదీయడం. మోదుగాకుల మీద ఏడు పోగులు వేసేవాడు. ప్రతి పోగులో ఇంత తొడ, ఇంత రొమ్ము, ఇంత కార్జం, ఇంత బోటి. పోగులు వేశాక లింగమూర్తి గోడ దిక్కు మొకం పెట్టి నిలబడతాడు. లింగమూర్తి మా లైనులో వయసులో చిన్నవాడు, ఓపెన్‌కాస్టు గనిలో డంపర్ లారీ నడుపుతాడు. వాళ్లమ్మ పోశవ్వ ఒక పోగు మీద కట్టె పెట్టి, "ఇది ఎవలకు?" అంటుంది. అతను చూడకుండా ఒక ఇంటి పేరు చెబుతాడు. అన్నీ అయ్యాక మిగిలింది స్తెఫనుది. ఇన్నేళ్లలో ఎవరూ తమ పోగు చూసి పక్క పోగు చూడలేదు. అంత సమానంగా వేసేవాడు.

దసరా మేకకైతే స్తెఫను లేకుండా కుదరదు. దసరా పొద్దున మా ఆరిళ్లలో కత్తిపీట నుంచి గొడ్డలి దాకా అన్నింటికీ పసుపు కుంకుమ పెట్టి పూజలో కూర్చోబెడతాం. తెల్లారేదాకా వాటిని కదపకూడదని పోశవ్వ పట్టు. అందుకే ఉల్లిగడ్డలు కూడా ముందు రోజే కోసి పెట్టుకుంటారు. లైనులో ఆ రోజు పని చేసే కత్తి క్రైస్తవుల ఇంట్లోది ఒక్కటే. కులాలు, దేవుళ్లు ఎవరివి వారివే. దసరా నాడు మాత్రం అందరం స్తెఫను కత్తి కోసం ఎదురుచూసేవాళ్లం. రిటైరయ్యాక అతని కోసం ఎవరైనా ఎదురుచూసేది ఆ రోజుల్లోనే. నడుముకు ఒర కట్టుకుని వస్తుంటే బాయిలోకి డ్యూటీకి పోతున్నట్టే ఉండేవాడు.

ఆ కత్తిని పాడుచేసింది ఒక పోలీసాయన మాట.

రెండు వేల పది. తెలంగాణ కోసం బంద్‌లు, రాస్తారోకోలు నడుస్తున్న రోజులు. గోదావరి బ్రిడ్జి దగ్గర పోలీసులు వచ్చేపోయే వాళ్లను ఆపి చూస్తున్నారు. గోదావరి అవతల నస్పూర్‌లో బామ్మర్ది ఇంట్లో దావత్ ఉందని, మేకను పోగులు వెయ్యడానికి స్తెఫను సైకిలు మీద బయలుదేరాడు. ఆ ముచ్చట అతనే నాకు చెప్పాడు.

"గిదేంది?" అన్నాడట ఒక కానిస్టేబుల్, నడుము చూపించి.

"కత్తి సార్."

"కత్తని నాకూ కనవడ్తుంది. ఎందుకు?"

"మేకకు సార్."

"మేకేది?"

"నస్పూర్ల ఉన్నది సార్."

"మేక నస్పూర్ల, కత్తి నీ నడుముకు. మడిచి జేబుల పెట్టుకునేదైతే జామకాయ కోసుకుంటడు పాపం అనుకుంటుంటిమి. గిట్ల కట్టుకొని తిరుగుతే నిన్నేమనుకోవాలె? కూసో ఆడ."

ఎస్సైగారు వచ్చి, నవ్వి, వదిలిపెట్టేసరికి పొద్దుగూకింది. నస్పూర్ చేరేసరికి మేకను వేరేవాడెవడో కోసేశాడు. ముక్కలన్నీ ఎముకలతో సహా గొడ్డలితో నుగ్గునుగ్గు చేశాడు. ఆ బొక్కల నూక చూసి స్తెఫను అన్నం తినకుండా తిరిగొచ్చాడు.

"ఇంకోపాలి నేను పోయేలోపు వేరేటోడు కొయ్యద్దు అన్న," అన్నాడు నాతో. "కత్తికి మడత పెడ్త."

"దానికి మడత ఎందుకు? సంచిలో వేసుకుని పో," అన్నాను.

"సంచిల దొరికితే దొంగ అంటరు. జేబుల ఉంటే జామకాయ అంటరు."

ఆ పని అతను బాగానే చేశాడు. అది ఒప్పుకోవాలి. కత్తి అలుగును తడిగుడ్డలో చుట్టి, పిడిలోకి దిగే తోక కొస మాత్రం బొగ్గుల్లో పెట్టి ఎర్రగా కాల్చి మెత్తబరిచాడు. తోకను పొట్టిగా కోసి, బెజ్జం వేశాడు. టేకు పిడిని రెండు చెక్కలుగా చీల్చి, మధ్యలో అలుగు పట్టేంత సందు పెట్టాడు. ఇత్తడి కడ్డీ ముక్కతో మేకు వేశాడు. వీపు వైపు ఇంకో హాక్సా ముక్కను సన్నగా అరగదీసి స్ప్రింగు చేశాడు. తెరిస్తే టక్. మూస్తే టక్. లైను మొత్తం తిరిగి అందరికీ టక్ టక్ అనిపించి చూపించాడు. పోశవ్వ చెవి దగ్గర కూడా అనిపించాడు.

"మంచిగనే ఉన్నది గని కొడుకా, గా సందుల పడ్డది ఎట్ల కడుగుతవ్?" అంది పోశవ్వ.

స్తెఫను నవ్వాడు. ఆ ప్రశ్న విన్నవాడు ఆలోచించాలి. నవ్వకూడదు.

ఇక మీకు అర్థమయ్యే ఉంటుంది. ఇప్పుడు ఆ కత్తిలో తిరిగేది ఒకటి వచ్చింది.

ఆషాఢంలో ఒక ఆదివారం మేకను తెచ్చాం. స్తెఫను జేబులోంచి కత్తి తీశాడు. టక్. పని మొదలుపెట్టాడు. నేను మేక కాలు పట్టుకున్నాను. కీలు దగ్గర అలుగు దిగిన ప్రతిచోటా మాంసం మీద ఒక నల్ల గీత పడుతోంది. నెత్తురు గడ్డేమో అనుకున్నాను. పోగులు వేశాడు, పేర్లు పిలిచారు, ఇళ్లకు పోయాం.

మధ్యాహ్నం మా ఇంట్లో కూర దించితే నూనె పైన ఇంద్రధనుస్సు తేలింది. ఏడు రంగులూ ఉన్నాయి. వాన పడ్డ రోజు లారీల అడ్డాలో గుంతల మీద తేలుతుంది చూడండి, అది. ముద్ద నోట్లో పెట్టుకున్నాను. నాలుక మీద ఒక పొర అంటుకుంది. నీళ్లతో పోలేదు, ఉప్పుతో పోలేదు. వేపపుల్లతో గీకితే పుల్ల జారింది. సాయంత్రం దాకా నా మాటలు కూడా నోట్లోంచి జారి పడ్డాయి. మిగిలిన కూరను బయట కుక్కకు వేస్తే, అది వాసన చూసి, నా మొహం చూసి, తోక ముడుచుకుని వెళ్లిపోయింది. మళ్లీ మా లైనుకు రాలేదు. మంచిర్యాల స్టేషన్‌లో ఇడ్లీలు తింటూ కనిపించిందని చెప్పినవాళ్లున్నారు.

మిగతా ఆరిళ్లవాళ్లం స్తెఫను గుమ్మం ముందు చేరాం. అందరికన్నా ముందు పోశవ్వ.

"నేను కూర తింటున్ననా, బాయిల దిగుతున్ననా? ఏం పూసినవ్ కొడుకా కత్తికి?"

"ఇంత గ్రీజే అవ్వా. తిరిగేదానికి పెట్టకుంటే అది నిన్ను తింటది."

"ఇప్పుడు అది నిన్ను తినలే. నేను దాన్ని తింటున్న!"

సమానంగా పంచడంలో స్తెఫనును మించినవాడు లేడు. గ్రీజును కూడా ఏ పోగుకూ తక్కువ కాకుండా పంచాడు. తన పోగును మాత్రం మేమందరం చూస్తుండగా గిన్నె నాకి మరీ తిన్నాడు. "నాకేం తెలుస్తలేదు" అన్నాడు. నిజమే. జీవితమంతా నల్ల గ్రీజు చేతులతో బాయిలో టిఫిన్ డబ్బా తిన్న మనిషికి అది ఇంటి రుచే.

సుసన్నా మాత్రం తినలేదు. "నలభై ఏండ్ల సంది నా బతుకే గ్రీజు. ఇగ మేక కూడనా?" అని లోపలికి వెళ్లిపోయింది.

తప్పు తెలుసుకున్నవాడు ఏం చేయాలి? గ్రీజు మానేయాలి. స్తెఫను మానలేదు, మార్చాడు. నా దగ్గరికి వచ్చి రహస్యంలాగా చెప్పాడు.

"అన్న, మేక కొవ్వు పెట్టిన. మేకకు మేక కొవ్వే. ఇగ వాసనెట్ల వస్తది?"

నేను ఆలోచిస్తే సబబుగానే అనిపించింది. కొవ్వును పెట్టింది వానాకాలం మొదట్లో. కత్తిని మళ్లీ తెరిచింది పెత్రమాస నాడు. మధ్యలో ఎన్ని వానలు పడ్డాయో, ఆ మడత ఎన్ని రోజులు అతని చెమట జేబులో ఉందో నాకు తట్టలేదు.

పెత్రమాస అంటే పెద్దలకు పెట్టుకునే అమావాస్య. పోశవ్వ చనిపోయిన భర్తకు ఏటా మాంసం వండి ఇంటి మీద పెడుతుంది. ఆ రోజు మేకను పైపుకు వేలాడదీశాం. నేను మామూలుగానే కాలు పట్టుకున్నాను. స్తెఫను కత్తి తీసి నా ముక్కు దగ్గరే తెరిచాడు. టక్ అనలేదు. పచ్చి గాయం మీద కట్టు విప్పినట్టు మెత్తగా తెరుచుకుంది.

సందులో కొవ్వు ముద్ద పచ్చగా మారి ఉంది. దాని మీద జేబులోని పొగాకు పొడి, దారప్పోగులు, ఎప్పటిదో చేప పొలుసు ఒకటి. ఆ ముద్ద ఊపిరి తీసుకుంటున్నట్టు కదులుతోంది. వంగి చూస్తే బియ్యపు నూకలంత తెల్లటివి. అవి కదులుతున్నాయి. ఒకటి తల పైకెత్తి నన్ను చూసింది. పురుగుకు కళ్లుంటాయా అని అడగకండి. దానికి ఉన్నాయి.

నేను కాలు వదిలేశాను. "స్తెఫనూ, పురుగులు!"

"కొవ్వే అన్న," అన్నాడు. లుంగీ కొసతో సందులో ఒకసారి తిప్పి తీసి, ఆ కత్తినే మేక తొడలో దించాడు. "ఉడికితే అన్నీ పోతయి తీ."

నా పోగు నేను తెచ్చుకోలేదు. మిగతావాళ్లు ఉప్పు, పసుపు వేసి కడిగి, కడిగి, వండుకున్నారు. పోశవ్వ ఇంటి మీద ఆకులో పెట్టింది. కాకి వచ్చింది. దగ్గరికి గెంతింది. తల వంచింది. రెండడుగులు వెనక్కి గెంతి, రెక్కతో ముక్కు మూసుకుని ఎగిరిపోయింది. ఇంకో కాకి రాలేదు. సాయంత్రం దాకా పోశవ్వ ఎదురుచూసి, కొంగు దులుపుకుని, స్తెఫను గుమ్మం ముందుకు వచ్చింది. ఈసారి గట్టిగా తిట్టలేదు. అదే భయంగా ఉంది.

"మా ఆయన బతికినప్పుడు రాళ్లు పెట్టినా అరిగిచ్చుకునేటోడు. గాయన కూడా నీ కత్తి కూర ముట్టలే కొడుకా."

అప్పుడు లింగమూర్తి అందుకున్నాడు. "ఇగ బంద్ చేద్దాం, కాకా. దసరాకు చౌరస్తాల షాపుకు పోదాం. గాజు అద్దాల ఎనుక కోస్తడు, మిషన్ల జోకుతడు, కవర్ల ఏసి ఇస్తడు. పోగులు లేవు, గోడకు మొకం పెట్టుడు లేదు. ఎవల కిలో వాళ్లది."

ఎవరూ కాదనలేదు. నేను కూడా. స్తెఫను గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు. చేతిలో కత్తి ఉంది, కానీ టక్ అనిపించలేదు. ఎన్ని బాయిలు మూసేసినా, ఎంతమంది రిటైరై పోయినా దసరా మేక ముందు అతనికో చోటు ఉండేది. ఇప్పుడు అది పోతోంది.

పోశవ్వ అతని మొకం చూసి కాస్త మెత్తబడింది. "దసరా మేక షాపుల కోసుడేందిరా, పీనుగ కవర్ల కట్టినట్టు? ఒక్కపాలి చూద్దాం. దసరా పొద్దుగాల ఆ కత్తి నా ముక్కు కాడ పెట్టాలె. వాసనొచ్చిందో, ఇగ నీకు నాకు రాంరాం. షాపే."

దసరాకు పది రోజుల టైముంది. "పాత పిడి మళ్లీ వెయ్యి. మడత తీసెయ్యి," అని నేను నెత్తి కొట్టుకుని చెప్పాను.

"తిరిగేటట్టు జేసినదాన్ని తిరగకుండ చేస్తె ఫిట్టర్నెట్లయిత అన్న?" అన్నాడు.

సుసన్నా కత్తిని లాక్కుని చింతపండు, బూడిద వేసి ఉడకబెట్టింది. గిన్నెలో నీళ్ల మీద తేలినది చూసి ఆ గిన్నెను కూడా పారేసింది. మూడుసార్లు ఉడకబెట్టాక గ్రీజు డబ్బాను చీర కొంగులో దాచి మా ఇంటికి తెచ్చింది.

"అన్న, దసరా ఎల్లేదాంక గిది నీ కాడ ఉంచు. కాళ్లు మొక్కినా ఆయనకియ్యకు."

దసరా పొద్దున తలుపు తీస్తే స్తెఫను గుమ్మంలో ఉన్నాడు. తల దువ్వుకుని, ఉతికిన అంగీ వేసుకున్నాడు.

"డబ్బా నీ కాడున్నది గద అన్న. ఒక్క సుక్క."

"ఇవ్వను."

"వేలు కొసంత. పోశవ్వకు వాసన రాదు."

"నాకొస్తుంది."

"అన్న, అది తిరుగుతది," అన్నాడు. గొంతు తగ్గింది. "ఎండినది తిరుగుతుంటే నాకు ఆ పుల్లీ సప్పుడే ఇనవడ్తది."

ఇవ్వలేదు. తలుపు వేసేశాను.

మేకను తెచ్చేసరికి లైను మొత్తం చేరింది. ఇళ్లలో కత్తులన్నీ బొట్లు పెట్టించుకుని దేవుళ్లలాగా కూర్చున్నాయి. పోశవ్వ కుర్చీ వేయించుకుని కూర్చుంది. స్తెఫను కత్తి తెరిచి ఆమె ముక్కు దగ్గర పెట్టాడు. ఆమె ఒక ముక్కు మూసి ఇంకో ముక్కుతో, తర్వాత ఆ ముక్కు మూసి ఈ ముక్కుతో చూసింది.

"చింతపండు," అంది చివరికి. "చారు లెక్కున్నది. కానియ్యి."

స్తెఫను మొహంలో వెలుగు వచ్చింది. ముల్లా సాబ్ వచ్చి కోసి వెళ్లిపోయాడు. స్తెఫను తోలు వలిచాడు, పొట్ట తీశాడు, కార్జం కోసి ఏడు ఆకుల్లో సర్దాడు. తొడలు విప్పాడు. అంతా పాత స్తెఫనే. అయితే తెరిచిన ప్రతిసారీ ఆ కత్తి కీచుమంటోంది. ప్రతి కీచుకూ అతని భుజం ఉలిక్కిపడుతోంది. సందులోకి నెత్తురు పోతోంది, వెంట్రుకలు పోతున్నాయి. జారడానికి ఏమీ లేక అవి అక్కడే గడ్డకడుతున్నాయి.

ముందు కాలి జబ్బ దగ్గర గట్టిగా ఒత్తాడు. స్ప్రింగు వదిలేసింది. కత్తి వెనక్కి మడతపడి అతని చూపుడువేలి మీద మూసుకుంది.

స్తెఫను వేలు లాక్కుని, మాంసం మీద తన నెత్తురు పడకుండా చెయ్యి అంగీలో దాచుకుని, నన్ను చూశాడు.

"చెప్పిన గద అన్న. పెట్టకుంటే తింటదని."

కత్తి సగం మడతలో బిగుసుకుపోయింది. తెరుచుకోదు, మూసుకోదు. కొడవలిలాగా వంకరగా ఉంది. సుసన్నా అతని వేలికి గుడ్డ కట్టింది. సగం మేక పైపుకు వేలాడుతోంది. ఈగలు బంధువుల్లాగా వస్తున్నాయి. ఎండ ఎక్కుతోంది. ఇంకో కత్తి తెద్దామంటే అన్నీ పూజలో ఉన్నాయి. బాగు చేయిద్దామంటే వెల్డింగ్ షాపువాడు మిషన్‌కు నిమ్మకాయలు కట్టి ఇంటికి పోయాడు.

లింగమూర్తి జేబులోంచి ఫోను తీశాడు. "షాపుకు జేస్తున్న అవ్వా. జల్ది చెప్పకుంటే ఆడ కూడా అయిపోతది."

"ఆగు," అన్నాడు స్తెఫను.

గోడ పక్కనుంచి ఒక బండరాయి తెచ్చుకున్నాడు. రాయికి పూజ లేదు. పోగుల పక్కనే మోకాళ్ల మీద కూర్చుని, కత్తిని బట్టలుతికే బండ మీద పెట్టి, వీపు వైపు ఒక్క దెబ్బ వేశాడు. అలుగు విచ్చుకుంది. సందులోంచి ఏదో ఎగిరి ఒక పోగు మీద పడింది.

నేను చూడకుండా ఉండాల్సింది. వేలి గణుపంత ఉంది. సుసన్నా మూడుసార్లు ఉడకబెట్టినా స్ప్రింగు కింద నుంచి రానిది. లోపల ఆషాఢం గ్రీజు, దాని మీద పెత్రమాస కొవ్వు, దాని మీద చింతపండు పీచు, పైన ఈ రోజు మేక వెంట్రుకలు. ఆ వానాకాలం పంచాంగం మొత్తం అందులో పొరలు పొరలుగా ఉంది. ఎర్రటి కార్జం మీద చతికిలబడి మెరుస్తోంది. ఒకావిడ పక్కకు వెళ్లి కక్కుకుంది. నేను ఎవరి భుజమో పట్టుకున్నాను. తర్వాత చూస్తే అది మేక.

స్తెఫను దాన్ని చూశాడు. కత్తిని పూర్తిగా తెరిచి బండ మీద పెట్టి, ఇత్తడి మేకు తలను రాయితో కొట్టాడు. అటు తిప్పి కొట్టాడు, ఇటు తిప్పి కొట్టాడు. ఇత్తడి చదునై చెక్కలోకి దిగిపోయింది. అలుగును పట్టుకుని లాగి చూశాడు. కదల్లేదు. బూడిదతో తోమి, కడిగి, తుడుచుకున్నాడు. కట్టు కట్టిన వేలితోనే మిగిలిన సగం మేకను విడదీశాడు. ఏ ముక్క మీదా నల్ల గీత పడలేదు.

ఏడు పోగులు నిండాయి. లింగమూర్తి ఫోను జేబులో వేసుకుని గోడ దిక్కు తిరిగాడు. పోశవ్వ కట్టె తీసుకుంది. ఆ నల్లటి ముద్ద పడ్డ పోగు ఎవరి పేరుకు వస్తుందోనని అందరం దాని వైపే చూస్తున్నాం. పోశవ్వ కట్టె లేచేలోపే స్తెఫను ఆ ఆకు కొస పట్టుకుని తన కాళ్ల దగ్గరికి లాక్కున్నాడు.

"దీనికి పేరు పిలువద్దు. ఇది నాది."

ఇన్నేళ్లలో పేర్లు పిలవకముందే ఒకరు పోగు తీసుకోవడం అదే మొదలు. పోశవ్వ అతన్ని, కత్తిని, ఆ పోగును చూసింది. చీర కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది.

"క్రిస్మస్ మేకకు కూడా గిదే కత్తి తీస్కరా," అంది. "మళ్ల మడత పెట్టినవో, నీ తలకాయ పోగుల ఏస్త."

తర్వాత మిగిలిన పోగుల మీద కట్టె ఆడించింది. ఆ రోజు మా కూర మీద ఇంద్రధనుస్సు లేదు. అయినా నేను వాసన చూశాకే తిన్నాను.

స్తెఫను మళ్లీ ఒర కట్టుకున్నాడు. బ్రిడ్జి దగ్గర ఆపితే జవాబు కూడా తయారుగా ఉండేది. "మడుసుకునే కత్తే సార్." "ఏదీ, మడువు." "ఇప్పుడు మడువది సార్." పోలీసులు అతనితో విసిగిపోయి దూరం నుంచే చెయ్యి ఊపేసేవారు.

నాలుగేళ్ల తర్వాత, జూన్‌లో రాష్ట్రం వచ్చిన రోజు లైను మొత్తం టపాసులు కాల్చి మేకను తెచ్చాం. స్తెఫనుకు నడుము వంగింది కానీ పోగులు అవే. నేను కాలు పట్టుకున్నాను. పిడి మీద చదునైన ఇత్తడి మేకు చుట్టూ నల్లగా ఏదో మెరుస్తోంది. వేలు పెట్టి చూశాను. జారింది.

"స్తెఫనూ, ఇది తిరగదు కదా?" అన్నాను మెల్లగా.

అతను అటూ ఇటూ చూసి నా చెవి దగ్గరికి వంగాడు.

"ఒకప్పుడు తిరిగింది గద అన్న."

బయట డప్పులు, జై తెలంగాణ. పోశవ్వ కట్టె ఎత్తి "ఇది ఎవలకు?" అంటోంది. లింగమూర్తి గోడ దిక్కు నుంచి నా పేరే పిలిచాడు. నేను పోగు అందుకుని, ఇంటికి తెచ్చి, మా ఇంటామెకు ఇచ్చి, నాకు పెరుగన్నం చాలన్నాను.